పాటకు ముందు పేరు

(బెజవాడ పటమటలో చేసిన బాలాంత్రపు రజనీకాంతరావు స్మారకోపన్యాసం – ముద్రణ పాఠం)

రజనిగారి పేర జరిగే సభలో ఇండీ సంగీతం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "అంటే గిటారు పట్టుకుని పిల్లలు పాడుకుంటారే, అదేనాండీ?" అని అడిగారు. అదీ ఉందన్నాను. "రజనిగారికీ దానికీ పొత్తు కుదురుతుందా?" అన్నారు. ఆ పొత్తు చూపించడానికే ఈ గంట వాడుకుంటాను.

రజనిగారు 1920లో నిడదవోలులో పుట్టారు. వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారి కుమారుడు. ఇరవయ్యొకటో ఏట మద్రాసు రేడియోలో చేరారు, తర్వాత బెజవాడ కేంద్రాన్ని నడిపారు, 2018 ఏప్రిల్‌లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. పాట రాయడం, వరస కట్టడం, తాను పాడడం, పదిమంది చేత పాడించడం – నాలుగు పనులూ చేసిన మనిషి. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గొంతున వినిపించిన తెలుగు పాట ఆయనదే. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. 'స్వర్గసీమ' (1945)లో భానుమతికి పేరు తెచ్చిన పావురం పాట వెనక రజనిగారి చెయ్యి ఉంది. రేడియో ఉద్యోగి గనుక సినిమాకు చేసిన పనికి పేరు వేసుకోవడం ఆయనకు కుదిరేది కాదు. రేడియోలో పాటకు ముందు ఆయన పేరు చదివేవారు. సినిమాకు వెళ్తే ఆ పేరును గడప బయటే విడిచి వెళ్లాల్సి వచ్చేది. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నదంతా ఆ గడప దగ్గరి సంగతే.

ఇండీ అని దేన్ని అనాలి

ఆ మాట పుట్టిన చోట సంగతి ముందు చూద్దాం. ఇంగ్లండులో మాంచెస్టర్ అనే మిల్లుల ఊళ్లో బజ్‌కాక్స్ అని ఒక కుర్రాళ్ల బృందం ఉండేది. రికార్డు కంపెనీలన్నీ లండన్‌లో. వీళ్లు అక్కడికి వెళ్లి గుమ్మాల్లో నిలబడలేదు. ఇంట్లోవాళ్ల దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌన్లు చేబదులు తెచ్చుకుని, 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' అని నాలుగు పాటల రికార్డు సొంతంగా వేశారు. మొదట 1,000 ప్రతులు. అవి చెల్లిపోయాక మళ్లీ మళ్లీ వేసి 16,000 దాకా అమ్మారు. ఏ పాట ఎన్నో టేకులో కుదిరిందో కూడా అట్ట వెనక అచ్చువేశారు. పాట ఎలా తయారైందో దాచుకోవాల్సిన అవసరం లేదని, ఎవరైనా ఇలా చేసుకోవచ్చని చెప్పడమే అందులో ఉద్దేశం. మూడేళ్లు తిరిగేసరికి, 1980 జనవరిలో, పెద్ద కంపెనీలతో సంబంధం లేని రికార్డులకు బ్రిటన్‌లో వేరే అమ్మకాల పట్టిక వచ్చింది.

పోను పోను ఇండీ అంటే ఒక బాణీ అనే అభిప్రాయం బలపడింది. మెత్తని గొంతు, గిటారు, వాన పడుతున్న కిటికీ. ఆ బాణీతో నాకు పేచీ లేదు. కానీ బాణీని బట్టి పోల్చుకుంటే మన ఊళ్లో ఉన్నదాన్ని మనం గుర్తుపట్టలేం.

మనకు పెద్ద కంపెనీ అంటే సినిమాయే. కాబట్టి సినిమా బయటి పాటంతా ఇండీయే అనేస్తే సరిపోతుందా? సరిపోదు. ఒక పెద్ద ఆడియో కంపెనీ పండక్కి వేయించే భక్తి ఆల్బం కూడా సినిమా బయటిదే. ఆ పాడే అమ్మాయికి చేతిలో సొమ్ము పెట్టి పంపేస్తారు. పాట మీద ఆ తర్వాత ఆమెకు ఏ మాటా ఉండదు.

నేను మూడు ప్రశ్నలు వేసి చూస్తాను. పాటకు డబ్బు ఎవరు పెట్టారు? ఇది వద్దు, ఇలా కాదు అనే అధికారం ఎవరిది? జనం ముందు ఎవరి పేరు చదివారు? ఏ కాలంలోనూ ఈ మూడింటికీ పాట కట్టినవాడి పేరే జవాబుగా రాలేదు. ఎవరో ఒకరి ఆసరా లేకుండా పాట బతకదు. బెజవాడలో సినిమా బయటి పాట ఎప్పుడూ అద్దెకొంపలోనే కాపురం ఉంది. ఇంటివాళ్లు మాత్రం మారుతూ వచ్చారు. ఏ ఇంటివాడు ఎంత మర్యాదగా చూశాడన్నదే దాని చరిత్ర.

రంగస్థలం నుంచి రికార్డు దాకా

మొదటి ఇంటివాడు నాటకం. మైలవరం కంపెనీ రోజుల నుంచీ బెజవాడ నాటకాల ఊరు. గాంధీనగరంలో హనుమంతరాయ గ్రంథాలయం వేదిక మీద పద్యం పాడని నటుడు ఉండేవాడు కాడు. పెట్టుబడి జమీందారుదో కంట్రాక్టరుదో. వద్దనే అధికారం ప్రేక్షకుడిది. అతను 'వన్స్‌మోర్' అన్నా అనేవాడు, లేచిపోయినా పోయేవాడు. పేరు మాత్రం నటుడిదే, కరపత్రం మీద పెద్దక్షరాల్లో.

కృష్ణా డెల్టాకు అవతలి అంచున, బాపట్లలో, స్థానం నరసింహారావుగారు (1902–1971) ఉండేవారు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా ఆయన పాడిన పాట మీ అందరికీ వచ్చు. అది నాటకకర్త రాసింది కాదు. తన పాత్ర కోసం స్థానం వారే రాసుకున్నారు. ఆడవేషం కట్టి, తాను రాసిన పాటను తానే పాడి, ఆంధ్రదేశమంతా తిప్పారు. 1966లో అదే పాట సినిమాలోకి వెళ్లింది. ఈరోజు ఎవరినడిగినా జమున నటన గుర్తు, సుశీల గొంతు గుర్తు. రాసిన మనిషి ఎవరంటే నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు. నటిదీ గాయనిదీ అందులో తప్పేమీ లేదు. పాట ఇల్లు మారినప్పుడు సామానుతో పాటు పేరు రాలేదు, అంతే.

గ్రామఫోను వచ్చాక రాత్రంతా సాగే రాగం 78 ఆర్‌పిఎం ప్లేటు మీద మూడు నిమిషాల చిల్లరకు కుదించుకోవాల్సి వచ్చింది. అది నష్టమే. దానితో ఒక లాభమూ కలిగింది. రికార్డు మధ్య కాగితం మీద పాడినవారి పేరు పడింది, పాట తనంతట తాను ఊళ్లు తిరిగింది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతి పాడిన లలిత గీతాలు అలాగే ఇళ్లకు చేరాయి. చౌటపల్లి నుంచి వెళ్లిన ఘంటసాల, సినిమాల్లో తీరిక లేనంత పని ఉన్న రోజుల్లోనూ, కరుణశ్రీ పద్యాలను విడిగా రికార్డు ఇచ్చారు. 'పుష్పవిలాపం' విని కళ్లు తుడుచుకున్నవాళ్లకు అది ఏ సినిమాలోదన్న ప్రశ్నే రాలేదు.

వీటన్నిటిలో నాకు ముచ్చటైనది శంకరంబాడి సుందరాచారిగారి పాట కథ. 'దీనబంధు' (1942) సినిమా కోసం ఆయన తెలుగుతల్లి మీద పాట రాశారు. సినిమావాళ్లు దాన్ని వాడుకోలేదు. సూర్యకుమారి ప్రైవేటు రికార్డుగా పాడారు. బడుల్లో పాడారు, సభల్లో పాడారు. చివరికి 1975లో ప్రపంచ తెలుగు మహాసభల వేళ అది రాష్ట్రగీతమైంది. సినిమా వద్దన్న పాటకు రాష్ట్రం లేచి నిలబడింది. ఇండీ సంగీతం వల్ల ఏమవుతుందని అడిగేవారికి ఇంతకన్నా పెద్ద జవాబు మాంచెస్టర్‌లో కూడా దొరకదు.

కథ చెప్పేవాళ్లు

నాటకం తర్వాత పాటను ఆదుకున్నది రాజకీయం. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది, బెజవాడ దాని గుండెకాయ. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను గుడి తిరునాళ్ల నుంచి రైతు సభ దాకా నడిపించారు. కథకుడు నడుమ, రాజకీయం చెప్పేవాడు ఒక పక్క, హాస్యం చెప్పేవాడు ఒక పక్క. మైకు లేకపోయినా వేలమందికి వినిపించగల సరంజామా అది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక పాటను, ఒక నాటకాన్ని చూసి ప్రభుత్వం జంకిందంటే, దానికి జనంలో ఎంత చోటుందో తెలుస్తుంది.

ఇక్కడ డబ్బు జనం చందాలది. వద్దనే అధికారం పార్టీది. పేరు దళానిది. ఆ ఏర్పాటులో మనిషికి ఊపిరాడని సందర్భాలూ వచ్చాయి. తర్వాతి రోజుల్లో చాలామంది మద్రాసు రైలెక్కారు. వారిలో ఒకరైన గరికపాటి రాజారావుగారు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీశారు. వాళ్లను ఫిరాయించారని అనడం తేలిక. ఇంటి అద్దె కట్టుకోవాల్సిన కళాకారుణ్ణి ఆ మాట అనే ముందు మనం ఎంత టికెట్టు కొన్నామో లెక్క చూసుకోవాలి.

పున్నమ్మతోట నుంచి

1948 డిసెంబరు 1న బెజవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. పటమట నుంచి బందరు రోడ్డు మీద పడమటికి పోతే పున్నమ్మతోటలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లకు బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకు సినిమా పాట గిట్టదు. రేడియో నుంచి దాన్ని దాదాపు వెళ్లగొట్టారు. జనం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టి సినిమా పాటను మళ్లీ పిలుచుకోవలసి వచ్చింది. ఇది అందరికీ తెలిసిన హాస్యకథ.

దాని రెండో సగం అంతగా చెప్పుకోరు. సినిమా పాట ఖాళీ చేసిన చోటు నింపడానికి రేడియో కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలు పెట్టారు. కవికి పారితోషికం, వరస కట్టేవారికి జీతం, వాద్యబృందానికి జీతం, పాడేవారికి పారితోషికం, ప్రతి ఇంటికీ ప్రసారం. కొత్త పాట తయారు కావడానికి ఏమేం కావాలో అవన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం – ఇంతటి విద్వాంసులు పొద్దున్నే 'భక్తిరంజని'కి తత్త్వాలూ కీర్తనలూ పాడేవారు. అదే గొంతులు లలిత గీతాలూ పాడేవి. శాస్త్రీయం వేరు, లలితం వేరు అనే గోడ ఆ స్టూడియోలో సగం ఎత్తే ఉండేది. ఆ గోడను అలా ఉంచినవారిలో రజనిగారు ముఖ్యులు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ప్రకటన. పాట మొదలయ్యే ముందు అనౌన్సరు రచన ఫలానావారు, సంగీతం ఫలానావారు, గానం ఫలానావారు అని చెప్పేవారు. పల్లెలో బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా ఆ పేర్లు కంఠతా వచ్చేవి. సినిమా పాటను హీరో పేరుతో గుర్తుపెట్టుకునే దేశంలో ఇది చిన్న మర్యాద కాదు.

అయినా ఈ ఇంటివాడు కూడా ఇంటివాడే. ఆడిషన్ అనే గడప ఉండేది. బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుండేవి. 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆకాశవాణిలో హార్మోనియం మీద నిషేధం. హార్మోనియం మెట్ల మీద పద్యం నేర్చిన బెజవాడ నటుడు రేడియోకు రావాలంటే తన పెట్టె ఇంట్లో పెట్టి రావాలి. టేపుల కొరత వల్ల పాతది చెరిపి కొత్తది రికార్డు చేయడం మామూలే. ఎన్ని మంచి పాటలు అలా తుడిచిపెట్టుకుపోయాయో! పేరు చదివారు గాని, పాటను దాచిపెట్టలేకపోయారు.

రేడియోకూ సినిమాకూ దూరంగా వెళ్లినవారి మాట కూడా ఒకటి చెప్పాలి. తెనాలి దగ్గర మోపర్రులో పుట్టిన ఎం.ఎస్. రామారావుగారు (1921–1992) తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయకుడు, 'తహసీల్దార్' (1944)లో. తర్వాత మద్రాసు వదిలేశారు. సుందరకాండను తెలుగు పాటగా తానే కట్టి, తానే పాడుతూ ఊరూరా తిరిగి సుందరదాసు అయ్యారు. కంపెనీలు రికార్డు చేసింది జనం విన్న తర్వాతే. డెల్టాలో సిసలైన ఇండీ గాయకుడి పేరు ఒక్కటి చెప్పమంటే నేను రామారావుగారి పేరు చెబుతాను.

ఆదివారం పూట

ఈ ఊళ్లో ఇవాళ కొత్త పాటలు ఎక్కువగా ఎక్కడ పుడుతున్నాయని అడిగితే నా జవాబు కొందరికి ఆశ్చర్యంగా ఉంటుంది. చర్చిలో. గుణదల కొండ మన పటమట నుంచి కూతవేటు దూరం. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు లక్షల జనం వస్తారు. ఆ పెద్ద కొండ సరే, ప్రతి పేటలోనూ రేకుల షెడ్డు మందిరమో, మేడ మీద ప్రార్థన గదో ఉంటుంది. అక్కడ ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక మైకు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ప్రతి ఆదివారం రెండు గంటలు జనం ముందు వాయిస్తాడు. ఏ సంగీత పాఠశాలా అంత సాధన చేయించదు. ఊళ్లో ఏ వేదిక మీద డ్రమ్మరునడిగినా, కీబోర్డు వాయించేవారినడిగినా, ఎక్కువమంది మొదటి పాఠం అక్కడే అంటారు.

దీనికి వెనక చరిత్ర కూడా తక్కువది కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలు ఎందరో కవులు కట్టిన పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో ఉన్నాయి. పాట మీద రాగం, తాళం, కింద రచయిత పేరు. ఆ పుస్తకం పట్టుకుని పాడే సంఘంలో పేరు పోవడమనేది ఉండదు. తర్వాతి తరంలో గుంటూరు హోసన్నా మందిరం లాంటివి ఏటా కొత్త పాటల ఆల్బం వేయడం అలవాటు చేశాయి. డబ్బు సంఘానిది, వద్దనే అధికారం కాపరిది, వినేవారు వారం వారం గ్యారంటీ. సంగీతపరంగా చూస్తే ఇంత స్థిరమైన ఏర్పాటు ఈ జిల్లాలో మరొకటి లేదు. పాట దేవుడి మీద గనుక దాన్ని 'సీను'లో లెక్కవేయం అనడం మన కళ్లకు మనం గంతలు కట్టుకోవడమే. ఆ లెక్కన త్యాగరాజస్వామినీ తీసేయాలి.

క్యాసెట్టు, ఆ తర్వాత

క్యాసెట్టు వచ్చి రికార్డు కంపెనీల పెత్తనం తగ్గించింది. టేపు రికార్డర్ రెండు ఉంటే చాలు, ఎవరైనా ప్రచురణకర్తే. వంగపండు, గద్దర్ పాటలు అలా చేతులు మారాయి. భవానీ దీక్షల కాలంలో దుర్గమ్మ పాటలు బస్టాండు నుంచి ఇంద్రకీలాద్రి దాకా ఒకదాని మీద ఒకటి మోగేవి. కాపీ చేసేవారికి కూడా అదే సులువు. పాట వెయ్యి ఇళ్లకు చేరేది, పది క్యాసెట్ల డబ్బు చేరేది. క్యాసెట్టు మీద పెన్నుతో రాసిన మూడు అక్షరాల్లో పాడినవారి పేరు ఉండేది కాదు.

ఆ కాలం చివర, 2000 ప్రాంతంలో, బెజవాడ అమ్మాయి స్మిత 'హాయ్ రబ్బా'తో తెలుగులో పాప్ ఆల్బం అనేదాన్ని టీవీ తెర మీదికి తెచ్చింది. 'పాడుతా తీయగా'లో పాడిన అమ్మాయి సినిమా పిలుపు కోసం ఎదురుచూడకుండా సొంత ఆల్బంతో నిలబడటం అప్పటికి కొత్త. దేవిశ్రీ ప్రసాద్, రమణ గోగుల కూడా మొదట ఆల్బంలే చేశారు. తర్వాత సినిమా పిలిచింది, వెళ్లారు. నిన్న మొన్నటి చౌరస్తా బృందం దారీ అదే. 2020 మార్చిలో కరోనా మీద వాళ్లు చేసిన పాట ఊరూరా మోగింది. మరుసటి ఏడాది ఆ బృందంలోని రామ్ మిరియాల 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడారు. స్థానం వారి పాట నుంచి దీని దాకా తీరు మారలేదు. సినిమా బయట పుట్టిన ప్రతిభకు సినిమా ఎప్పుడూ గిరాకీదారే.

మరి బయట నిలిచే దారి లేదా? ఇప్పుడు ఉంది, షరతులతో. లాప్‌టాప్, ఒక మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, గోడలకు దుప్పట్లు – ఇదే స్టూడియో. ఆటోనగర్ పక్కన ఉండేవారైతే సుత్తుల చప్పుడు ఆగాక రాత్రిపూట రికార్డు చేసుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ అనే ఆన్‌లైన్ సంస్థకు కొద్ది రుసుము కడితే పాట ప్రపంచమంతా ఉన్న యాప్‌లలోకి వెళ్తుంది. అచ్చొత్తించాల్సిన పని లేదు. వద్దనేవాడు కనిపించడు. కనిపించనంత మాత్రాన లేడనుకోవద్దు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే దానికి పైసా రాదు. యూట్యూబులో ఏది ముందు చూపించాలో ఎక్కడో ఉన్న లెక్క తేలుస్తుంది. ఈ ఇంటివాడి మొహం అద్దెదారు చూడలేడు, మాట్లాడి ఒప్పించలేడు.

పేరు సంగతి మరీ అన్యాయం. ముప్ఫై సెకన్ల రీల్ మీద పాట లక్షల ఫోన్లలో తిరుగుతుంది. కింద హీరోయిన్‌లా ముస్తాబైన అమ్మాయి పేరు ఉంటుంది. రాసినవారు, వరస కట్టినవారు ఎవరో పాట పెట్టినవారికి కూడా తెలియదు.

వెనక వరసల్లోని పిల్లలకు ఒక్క చట్టం మాట. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమాలో భాగం కాని పాటకైనా సరే, రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వచ్చే వాటాను మరొకరికి రాసిచ్చేయడం ఇప్పుడు చెల్లదు. వారసులకు ఇవ్వచ్చు, హక్కుల వసూలు సంఘానికి ఇవ్వచ్చు. సౌండ్ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఎవరైనా పదివేలు చేతిలో పెట్టి సకల హక్కులూ రాయమంటే, ముందు ఈ సంగతి తెలుసని చెప్పండి. బేరం అప్పుడు మొదలవుతుంది.

ఎక్కడ వెతకాలి

బెజవాడలో ఇండీ సీను లేదని, అది హైదరాబాదులోనే ఉందని అంటుంటారు. అలా అనిపించడానికి కారణముంది. రామాపురం నుంచి అక్కినేని, నిమ్మకూరు నుంచి ఎన్టీఆర్, చౌటపల్లి నుంచి ఘంటసాల – ఈ డెల్టా తన గొంతులనూ మొహాలనూ మొదట మద్రాసుకు, ఆపైన హైదరాబాదుకు పంపింది. ఊళ్లో మిగిలింది గాంధీనగరంలోని పంపిణీ ఆఫీసులు. తయారు చేయడం అక్కడ, అమ్మడం ఇక్కడ. సినిమా పెట్టె దించుకునే ఊరిగా మనకు ఎంత పేరొచ్చిందంటే, ఇక్కడ కూడా పాట పుడుతుందన్న సంగతి మనకే మరుపొచ్చింది.

వెతకదలిస్తే పటమట నుంచే బయలుదేరవచ్చు. తూర్పున కానూరులో, కృష్ణ దాటితే వడ్డేశ్వరంలో, ఇంకా పోతే వడ్లమూడిలో ఇంజనీరింగు విద్యాసంస్థల ఉత్సవాలు ఏటా జరుగుతాయి. పోస్టరు మీద ఉన్న సినిమా గాయకుడి కోసం కాకుండా మధ్యాహ్నం జరిగే బ్యాండ్ల పోటీకి వెళ్లండి. సొంత పాట పాడేవాళ్లు అప్పుడే కనిపిస్తారు. బెంజి సర్కిల్, మొగల్రాజపురం వైపు కాఫీ షాపుల్లో వారాంతం సాయంత్రాలు ఓపెన్ మైక్ పెడుతుంటారు. పదిమంది వింటారు, అందులో ఆరుగురు తర్వాత పాడబోయేవాళ్లే. ఏ సీనైనా అలాగే మొదలవుతుంది. ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు బాలమురళిగారు తొలి ప్రిన్సిపాలు. అక్కడ వీణా వయొలినూ నేర్చిన పిల్లలు గిటారు పిల్లలతో కలిసి ఏం చేస్తున్నారో గమనించండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెద్ద సభలే కాదు, చిన్న సంస్థల వార్షికోత్సవాలూ జరుగుతాయి. దసరాకు ఇంద్రకీలాద్రి కింద డప్పు దళాలు వస్తాయి. ఆదివారం సంగతి చెప్పనే చెప్పాను.

ఇవన్నీ ఒకదానికొకటి తెలియకుండా ఉన్నాయి. చర్చి డ్రమ్మరుకు సంగీత కళాశాల వయొలిన్ అమ్మాయి తెలియదు. ఇంజనీరింగు కుర్రాడికి డప్పు దళం తెలియదు. కులమో, మతమో, కాలేజీ గేటో అడ్డం. సీను లేదని మనం అంటున్నది నిజానికి ఈ పరిచయం లేకపోవడాన్నే. రేడియో ఆవరణ ఆ పరిచయం చేసింది. తత్త్వం పాడే విద్వాంసుడూ, యెంకి పాట పాడే గాయనీ, తబలా వాయించే ఉద్యోగీ ఒకే క్యాంటీనులో కాఫీ తాగేవారు. అలాంటి క్యాంటీను ఈ ఊరికి మళ్లీ కావాలి.

చేయగలిగింది

ప్రభుత్వం ఏదో చేయాలని తీర్మానం చేసి లేచిపోవడం స్మారక సభల ఆనవాయితీ. నేను పటమట చేయగల పని మాత్రమే అడుగుతాను.

నెలకు ఒక సాయంత్రం ఒక హాలు తీసుకుందాం. ఆ సాయంత్రం సినిమా పాట ఉండదు. కవర్ పాట ఉండదు. పాడేది సొంతంగా కట్టినదై ఉండాలి. కీర్తన కావచ్చు, ర్యాప్ కావచ్చు, బుర్రకథ కావచ్చు, క్రీస్తు మీద పాట కావచ్చు. నలుగురు, అయిదుగురు పాడితే చాలు. ఒకే చోటి నుంచి ఇద్దరు రాకూడదు. అప్పుడు ఆదివారం డ్రమ్మరూ కళాశాల వయొలినూ ఒకే గదిలో తమ వంతు కోసం ఎదురుచూస్తారు, మాటలు కలుస్తాయి.

పాటకు ముందు పేర్లు చదవాలి. రాసినవారు, వరస కట్టినవారు, వాయించేవారు, పాడేవారు, మైకు సరిచేసేవారు కూడా. చదవడానికి మంచి గొంతున్న మనిషి కావాలి. రేడియోలో పనిచేసి రిటైరైనవారు ఈ ఊళ్లో ఉన్నారు, బతిమాలితే కాదనరు. రికార్డు చేసిన ప్రతి పాటనూ ఆ పేర్లతో సహా ఒకచోట భద్రపరచాలి. టేపు చెరిపేసే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు.

టికెట్టు పెట్టాలి. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. బెజవాడ వాళ్లం సంగీత సభకు ఉచితంగా వెళ్లడం మర్యాద అనుకుంటాం. పాస్ లేకుండా వెళ్లడం నామోషీ అనుకుంటాం. సినిమాకు మాత్రం మొదటి రోజు రెట్టింపు పెట్టి కొంటాం. ఉచితంగా విన్న పాటకు వద్దనే అధికారం కూడా శ్రోతకు ఉండదు. నాటకాల రోజుల్లో లేచిపోయే హక్కు ప్రేక్షకుడికి టికెట్టు వల్లే వచ్చింది. వంద రూపాయలు పెట్టండి. పాడినవారికి సగానికి పైగా ఇవ్వండి. మిగతాది హాలుకు, మైకుకు.

ఇది పెద్ద ఆశయం కాదు. మాంచెస్టర్ కుర్రాళ్లు చేబదులు తెచ్చుకున్న 500 పౌన్లంతటి సాహసం కూడా ఇందులో లేదు. కాకపోతే ఆరు నెలలు ఆగకుండా చేయాలి. మొదటి రెండు నెలలూ హాలు సగం కూడా నిండదు. మూడో నెలలో ఎవరో ఒకరు ఇలాంటివి నడవవంటారు. ఆ నెల దాటితే నడుస్తాయి.

నిర్వాహకులకు ఒక మనవి చేసి ముగిస్తాను. మొదటి సాయంత్రానికి తేదీ ఈ రాత్రే అనుకోండి. అతిథిగా నాకు ముందు వరసలో కుర్చీ వేయవద్దు. కౌంటరులో డబ్బు కట్టి టికెట్టు తీసుకునే వస్తాను.